గొట్టాల టోపీ

బీదర్, మైసూరు రాష్ట్రం
సెప్టెంబరు, 1973

చిరంజీవి విద్యాసాగర్‌కు మీ అక్క హేబ్సిబా దీవెనలు.

నీ ఉత్తరం అందింది. లీయా ఎలా ఉందో, పిల్లలు ఎలా చదువుతున్నారో తెలుస్తుందని ఆత్రంగా విప్పితే నాలుగు పేజీల నిండా టోపీలే. ఎయిర్‌ఫోర్స్‌లో నీ ఉద్యోగమే పైలట్ల టోపీలు, పారాచూట్లు సరిచూడటం. బయటికొచ్చాకైనా వాటి మొహం చూడవనుకున్నాను. నీతోపాటు రిటైరైనవాళ్ళు ఇళ్ళు కట్టుకుంటున్నారు, దుకాణాలు పెట్టుకుంటున్నారు. నువ్వేమో యుద్ధాలనాటి విమానపు టోపీలు వెతికి వెతికి పోగుచేస్తున్నావు. బీరువాలో తన చీరలకు జాగా లేకుండా పోయిందని లీయా నాకు విడిగా కార్డు రాసింది. పాపం ఆ పిల్ల.

అయినా తమ్ముడు నోరు తెరిచి అడిగాడు కదా అని బుధవారం సంతకు పోయాను. పాత ఇనుము అమ్మేవాడి దగ్గర చెవులు మూసే తోలు టోపీ ఒకటి కనబడింది. ఇది విమానంలో తొడిగేదేనా అని అడిగాను. “కసమ్ టీచరమ్మా, అసల్ మిల్ట్రీ మాల్. ఆడ మీద ఎగురుతున్నయి సూడు, దాంట్లదే” అని ఒట్టుపెట్టి ఆకాశం వైపు చూపించాడు. మా బడి మీద శిక్షణ విమానాలు పొద్దంతా గుయ్యిమంటూనే ఉంటాయి, అందులో అబద్ధం లేదు. టోపీ కొనుక్కొచ్చి నీ కోసం బొమ్మ గీశాను. ఈ ఉత్తరంలోనే పెడుతున్నాను. చూసి నవ్వావంటే ఊరుకోను.

మీ అక్క,
హేబ్సిబా

సికింద్రాబాదు
అక్టోబరు, 1973

ప్రియమైన అక్కకు నమస్కారాలు.

నవ్వలేదు. లీయా నవ్వింది. నువ్వు కొన్నది మోటారుసైకిలు టోపీ అక్కా. ఏ అటవీశాఖ ఆఫీసరో తొడుక్కుని పారేసినది అయివుంటుంది. నీ తప్పేం లేదు, మొదట్లో నేనూ ఇలాంటివి మూడు కొన్నాను.

ఇకమీదట ముందు చెవుల దగ్గర చూడు. మోటారుసైకిలు టోపీకి అక్కడ ఊరికే తోలు ఉంటుంది. విమానపు టోపీకి చెవిమీద గిన్నె బోర్లించినట్టు ఉబ్బెత్తుగా కుట్టి ఉంటుంది, మాట వినిపించే సరంజామా అందులో కూర్చోవాలి కాబట్టి. తల వెనక చిన్న తోలు పట్టీలు, వాటికి నొక్కుడు గుండీలు ఉంటాయి. కళ్ళద్దాల పట్టీ గాలికి జారిపోకుండా పట్టేవి అవే. లోపలి అస్తరు మెత్తటి తోలు. మెడదగ్గర చిన్న గుడ్డ పీలిక మీద సైజు అచ్చువేసి ఉంటుంది. ఏది దొరికినా కడగవద్దు. నూనె రాయవద్దు. నీ సంగతి నాకు తెలుసు, శుభ్రం పేరుతో పుస్తకాల అట్టలు కూడా తడిగుడ్డతో తుడుస్తావు.

నా దగ్గర రేడియో తీగలున్నవి చాలా ఉన్నాయి. లేనిది ఒక్కటే. యుద్ధకాలంలో విమానం నడపటం నేర్పే చిన్న విమానాలలో రేడియో ఉండేది కాదు. గురువు ఒక గరాటాలోకి మాట్లాడితే, రబ్బరు గొట్టం గుండా ఆ మాట శిష్యుడి చెవులకు చేరేది. డాక్టరు గుండె చూసే గొట్టం లాంటిదే అనుకో. ఆ టోపీకి రెండు చెవుల దగ్గరా లోహపు గొట్టపు ముక్కలు బయటికి పొడుచుకుని ఉంటాయి. బీరువాలో మూడో అరలో దాని కోసం ఒక చోటు ఖాళీగా ఉంచాను. లీయా చీర పెట్టబోతే కూడా పెట్టనివ్వలేదు.

నీ తమ్ముడు,
విద్యాసాగర్

బీదర్, కర్ణాటక
నవంబరు, 1973

చిరంజీవి విద్యాసాగర్‌కు దీవెనలు.

పైన రాష్ట్రం పేరు చూశావా? పిల్లలతో పలకల మీద పదిసార్లు రాయించాను, నా చెయ్యి మాత్రం ఇంకా మైసూరు అనే రాయబోతుంది.

ముందు కూర్చో. దొరికింది. నీ గొట్టాల టోపీ దొరికింది! ఎక్కడో చెప్తే నమ్మవు. సంతలో కాదు, గుడిలో.

మొన్న ఆదివారం దగ్గరి ఊరు జనవాడ చర్చిలో కోత పండుగ జరిగింది. అక్కడి రాచమ్మ మా బడిలో నాతోపాటు పనిచేస్తుంది, రమ్మని పట్టుబట్టింది. ఆరాధన అయ్యాక అందరూ తమ పంటలో మొదటి భాగం తెచ్చి బల్లమీద పెడుతున్నారు. జొన్న కంకులు, మినుములు, గుమ్మడికాయలు, కాళ్ళు కట్టేసిన కోళ్ళు. ఆ వరుసలో దయమ్మ అనే ముసలామె వచ్చి కొంగు విప్పి తోలు టోపీ ఒకటి పెట్టింది. చెవుల దగ్గర రెండు లోహపు ముక్కలు మిలమిలలాడాయి. కీర్తనలో ఏ చరణం పాడుతున్నానో మరిచిపోయాను.

తర్వాత అన్నీ వేలం వేస్తారు కదా. సంఘపెద్ద ఖండప్ప పాట పాడించాడు. టోపీ వంతు వచ్చేసరికి ఎవరో మెల్లగా చిన్న పాట పాడారు. నేను వెంటనే పెంచాను. ఇంకెవరూ పాడలేదు. అందరూ నా వైపు తిరిగి చూశారు. ఖండప్ప ఆగి, “టీచరమ్మా, నిజంగనే తీస్కపోతరా?” అన్నాడు. “తీస్కపోనికే కదా పాడింది” అన్నాను. బస్సు వేళవుతోందని సంచిలో వేసుకుని వచ్చేశాను. ఊళ్ళోవాళ్ళు బిత్తరపోయి చూస్తూ ఉండిపోయారు. బస్తీ టీచరమ్మకు తోలు టోపీ ఎందుకో అనుకుని ఉంటారు.

కడగలేదు. నూనె రాయలేదు. మన బర్నబా మామ సికింద్రాబాదు వస్తున్నాడు, ఆయన చేత పంపుతున్నాను. అక్కంటే ఏమనుకున్నావు?

హేబ్సిబా

సికింద్రాబాదు
డిసెంబరు, 1973

నా బంగారు అక్కకు,

అదే. సరిగ్గా అదే. బర్నబా మామకు కాఫీ ఇవ్వడం కూడా మరిచిపోయి టోపీ పట్టుకుని కిటికీ దగ్గరికి పోయాను. లీయా తిట్టింది. తిట్టనీ.

తోలు ముదురు గోధుమరంగు, అక్కడక్కడా బీటలు. అస్తరు చిరగలేదు. గుడ్డ పీలిక మీద అక్షరాలు చెరిగిపోయాయి గాని సైజు అంకె తెలుస్తోంది. లోహపు ముక్కల చుట్టూ సన్నటి గీతలు పడి ఉన్నాయి. రబ్బరు గొట్టం మళ్ళీ మళ్ళీ తొడిగి పీకితేనే అలా అరుగుతుంది. అంటే ఇది గోదాములో పడి ఉన్నది కాదు, నిజంగా ఆకాశంలో తిరిగిన టోపీ. యుద్ధకాలంలో బేగంపేటలో పైలట్ల శిక్షణ జరిగేది, అక్కడిదే అయివుండాలి.

ఒక్కటి నాకు వింతగా ఉంది. ఇన్నేళ్ళ తోలు ఇంత బాగుండకూడదు. ఎవరో దీన్ని ఎండ తగలకుండా, చెమ్మ తగలకుండా, గుడ్డలో చుట్టి కాపాడారు. మూడో అరలో పెట్టాను. రాత్రి భోజనానికి ముందు ఒకసారి, తర్వాత ఒకసారి బీరువా తెరిచి చూసుకున్నాను. ఆ దయమ్మ ఎవరు? ఆమె చేతికి ఎలా వచ్చిందో కనుక్కుని రాయి.

విద్యాసాగర్

బీదర్
డిసెంబరు, 1973

విద్యాసాగర్,

కనుక్కున్నాను. కనుక్కోకుండా ఉంటే నీకూ నాకూ బాగుండేది.

బడిలో రాచమ్మ కొన్నాళ్ళుగా నాతో ముభావంగా ఉంటోంది. నిలదీస్తే చెప్పింది. దయమ్మకు సెంటు భూమి లేదు. కూలికి పోయే మనిషి. అందరూ పంట తెచ్చే రోజున వట్టి చేతులతో రాలేక ప్రతి ఏడూ ఆ టోపీనే తెచ్చి బల్లమీద పెడుతుంది. నా పంట ఇదే అంటుందట. అది ఆమె కొడుకు సంసోనుది. ప్రతి ఏడూ ఊళ్ళో ఎవరో ఒకరు దాన్ని పాడుకుంటారు. పొద్దుగూకేలోగా దయమ్మ గుడిసెకు తీసుకుపోయి, “మా ఇంట్ల జాగ లేదు దయమ్మా, నీ తాననే ఉండనీ” అని ఇచ్చేస్తారు. ఆమె సరేనంటుంది. మళ్ళీ ఏడు మళ్ళీ తెస్తుంది. ఈ మాట ఎవరూ ఎవరికీ నేర్పలేదు, అలా జరిగిపోతోంది.

“మరి ఆ రోజు నాకెందుకు చెప్పలేదు?” అని రాచమ్మ మీద అరిచాను. “ఎట్ల చెప్పాలక్కా? దేవునికి ఇచ్చింది మల్ల ఆమెకే పోతదని అందరి ముంగట అంటే, ఆమె ఇచ్చింది ఇచ్చినట్టయితదా?” అంది.

పండగపూట, అంతమంది ముందు, ఆమె ఇంటి టోపీని సంచిలో వేసుకుని బస్సెక్కాను. ఆమె గడపలో కూర్చుని చీకటి పడేదాకా ఎదురుచూసి ఉంటుంది.

టోపీ వెంటనే పంపించు. బర్నబా మామ పండక్కి ఇటు వస్తున్నాడు.

అక్క

సికింద్రాబాదు
జనవరి, 1974

హేబ్సిబా అక్కకు,

నీ ఉత్తరం చదివాను. జవాబు రాయడానికి ఆలస్యమైంది. బర్నబా మామ చేత ఎందుకు పంపలేదో చెప్పాలి.

ఆమె ఇష్టంతోనే గుడికి ఇచ్చింది. నువ్వు దొంగతనం చేయలేదు, అందరి ముందు పాడుకున్నావు. అక్కడ గుడిసెలో ఎలుకలు, వానకు కారే కప్పు. ఇప్పటిదాకా నిలిచింది గాని ఆమె తర్వాత? ఏ పిల్లలో ఆడుకుని చింపేస్తారు. నా దగ్గరైతే కర్పూరపు బిళ్ళల మధ్య పదికాలాలు ఉంటుంది. కావాలంటే సంసోను పేరు అట్టముక్క మీద రాసి పక్కనే పెడతాను. అది అతనికి గౌరవం కాదా?

నా దగ్గర రెండేసి ఉన్నవాటిలో దీనికంటే కొత్తది, మంచిది ఒకటి ఆమెకు పంపగలను. నా వైపు నుంచి కూడా కాస్త ఆలోచించు. ఎన్నేళ్ళుగా వెతుకుతున్నానో నీకు తెలుసు.

విద్యాసాగర్

బీదర్
జనవరి, 1974

విద్యాసాగర్‌కు,

నీ వైపు నుంచి ఆలోచించాను. చిన్నప్పుడు నువ్వు పడుకునేటప్పుడు చేతిలో గోళీలు పట్టుకునే పడుకునేవాడివి. ఆ పిడికిలి ఇంకా విప్పలేదన్నమాట. నీ కొత్త టోపీ నీ దగ్గరే ఉంచుకో. నిన్న నేనే జనవాడ పోయి ఆమె కాళ్ళ దగ్గర కూర్చున్నాను.

గుడిసెలో గోడకు ఒక మేకు, దానికి మడిచిన పాత చీరముక్క వేలాడుతోంది. టోపీని చుట్టే గుడ్డ అది. నేను తప్పయిందని మొదలుపెట్టబోతే నా నోరు మూసేసింది. “దేవునికిచ్చిన దాని మాట తియ్యొద్దు బిడ్డా” అంది. ఇక సంసోను గురించి అడిగాను. అందుకు మాత్రం మొహం విప్పారింది.

సంసోను బేగంపేటలో విమానాలు కడిగి తుడిచే పనిలో ఉండేవాడట. తర్వాత మిస్త్రీ కింద నట్లు బిగించడం నేర్చుకున్నాడు. ఒకసారి దొర ఒకడు అతన్ని విమానం ఎక్కించాడట. “ముంగట నన్ను కూసోవెట్టిండమ్మా, దొర యెనక కూసుండు. టోపీకి పాములెక్క గొట్టం. దొర యెనకకెల్లి మాట్లాడుతుంటే నా రెండు చెవులల్ల ఇనవడ్డది” అని వచ్చి తల్లికి చెప్పాడు. ఆ విమానాల బడి మూసేసినప్పుడు ఆ దొరే టోపీ ఇచ్చాడట. ఊళ్ళో చెబితే అంతా పగలబడి నవ్వారు. నడిపేవాడు వెనక కూర్చునే బండి ఎక్కడన్నా ఉందా అన్నారు. ఖండప్ప అతని ఈడువాడే, అందరికంటే ఎక్కువ ఎగతాళి చేసింది అతనేనట. విమానం సంసోను అని పేరు పెట్టారు. ఆ ఎగతాళి ఆగకముందే కలరా వచ్చి సంసోను పోయాడు. ఆ తర్వాత ఎవరూ నవ్వలేదు, కానీ నమ్మనూ లేదు. టోపీ తిరిగి ఇచ్చేటప్పుడు కూడా జాలితోనే ఇస్తారని ఆమెకు తెలుసు.

నేను లేవబోతుంటే ఆమె అడిగింది ఒక్కటే. “పట్నంల మంచిగ పెట్టిండ్రా బిడ్డా? ఎలుకలు ముట్టకుంట?”

మంచిగా పెట్టారని చెప్పాను. ఆ ఎలుకల మాటే నువ్వూ నీ ఉత్తరంలో రాశావు. ఆమె నోట విన్నప్పుడు నేను ఏడ్చాను.

హేబ్సిబా

సికింద్రాబాదు
ఫిబ్రవరి, 1974

అక్కా,

ఈ పార్సెల్ తెచ్చిన బస్సు డ్రైవరు సిలాసు మన సంఘంవాడే. టోపీ భద్రంగా ఉందో లేదో అతని ముందే విప్పి చూసుకో.

దయమ్మగారికి నా మాటగా చెప్పు. మా బీరువాలో జాగా లేదు.

నీ ఉత్తరం లీయా కూడా చదివింది. బీరువా తలుపు తెరిచి పెట్టి వంటింట్లోకి పోయింది. ఎలుకల గురించి నేను రాసిన మాట గుర్తొచ్చి సిగ్గేసింది.

ఇప్పుడు నేను చెప్పేది ఊళ్ళోవాళ్ళందరి ముందూ చదువు. బేగంపేటలో ఆ రోజుల్లో నేర్పింది టైగర్ మాత్ అనే విమానం మీద. అందులో ఒకరి వెనక ఒకరు కూర్చోవాలి. పైలట్ ఒక్కడే నడిపేటప్పుడు వెనక సీట్లోనే కూర్చుంటాడు, తోడు ఎవరినైనా ఎక్కించుకుంటే వాళ్ళను ముందు కూర్చోబెడతాడు. ఇది ఆ విమానం ఎక్కినవాళ్ళకూ దగ్గర పనిచేసినవాళ్ళకూ తప్ప తెలియదు. అబద్ధం అల్లేవాడైతే దొరను ముందు కూర్చోబెట్టేవాడు. ఇంకోటి. మరమ్మతు చేసిన విమానాన్ని మొదటిసారి పైకి తీసుకుపోయేటప్పుడు, నట్లు బిగించినవాడినే తోడుగా ఎక్కించుకునే అలవాటు మాలోనూ ఉండేది. పని సరిగ్గా చేశాడో లేదో వాడి మొహమే చెబుతుందని మా పైలట్లు నవ్వేవారు.

సంసోను ఎగరడం నేను కళ్ళారా చూడలేదు, కాబట్టి ప్రమాణం చేయలేను. కానీ నా ఉద్యోగకాలమంతా టోపీలు చూసినవాడిగా చెబుతున్నాను, నేను నమ్ముతున్నాను.

టోపీతోపాటు ఒక రబ్బరు గొట్టం ఉంది, నేనే తయారుచేశాను. రెండు పాయల చివరలు చెవుల దగ్గరి లోహపు ముక్కలకు తొడగాలి. రెండో కొసన గరాటా ఉంది. అందులో మెల్లగా మాట్లాడాలి, అరవకూడదు.

నీ తమ్ముడు,
విద్యాసాగర్

బీదర్
ఫిబ్రవరి, 1974

నా తమ్ముడు విద్యాసాగర్‌కు,

నిన్న ఆదివారం ఆరాధన అయ్యాక టోపీ తీసుకుని దయమ్మ గుడిసెకు పోయాను. రాచమ్మ ముందే అందరి చెవినా వేసింది కాబోలు, ఊరు ఊరంతా వెంట వచ్చింది. నాకు ఆ ఒక్క మాట చెప్పడం కూడా సరిగ్గా చేతకాలేదు. రెండుసార్లు మొదలుపెట్టాను. “దయమ్మా, మా తమ్ముని బీరువల జాగ లేదట. నీ తాననే ఉండనీ” అన్నాను.

ఆమె రెండు చేతులూ చాచింది. టోపీ అందుకుని ముందు వాసన చూసింది. “కర్పూరం కొడుతుంది” అంది. తర్వాత నీ ఉత్తరం చదివాను. దొర వెనక, సంసోను ముందు అన్న చోట ఎవరో మళ్ళీ చదవమన్నారు. మళ్ళీ చదివాను. నువ్వు నమ్ముతున్నావన్న మాట దగ్గర దయమ్మ తల పంకించింది గాని ఆశ్చర్యపోలేదు. ఆమెకు అది కొత్త సంగతి కాదు కదా.

గొట్టం తొడిగాను. ఎవరికి పెడదామా అని చూస్తుంటే ఆమే టోపీ తల మీద పెట్టుకుంది. తెల్లజుట్టు చెవుల పక్కనుంచి బయటికొచ్చింది. ఒక్కరూ నవ్వలేదు. మంచం మీద ముందుకు జరిగి కూర్చుని ఖండప్పను పిలిచింది. “రా, నువ్వు నా యెనక కూసో. నడిపేటోడు యెనకనే కూసుంటడు.”

అంత పెద్దమనిషి, పోయినేడు పాట పాడించినవాడు, చెప్పులు విప్పి వెనక కూర్చున్నాడు. గరాటా నోటి దగ్గర పెట్టుకున్నాడు. ఆ తర్వాత ఏదో మాట్లాడాడు. నువ్వు చెప్పినట్టే మెల్లగా మాట్లాడాడు కాబట్టి ఎదురుగా నిలబడ్డ మాకెవరికీ వినబడలేదు. అది ఆమె రెండు చెవులకు మాత్రమే చేరింది. చెప్పడం అయ్యాక గరాటా దించి తలపాగాతో మొహం తుడుచుకున్నాడు.

దయమ్మ వెనక్కి తిరిగి చూడలేదు.

“చెప్తలే బిడ్డా” అంది. “వానికి చెప్త.”

మీ అక్క,
హేబ్సిబా